సోడా ఓడెక్కిన కథ

1772లో లండన్‌లో ఒక పల్చటి పుస్తకం అచ్చయింది. నీళ్ళలోకి వాయువు ఎక్కించి, పేరుమోసిన ఊటనీళ్ళలాగా చురుక్కుమనిపించడం ఎలాగో చెప్పే పుస్తకం. అంటే సోడా తయారీ విధానం. రాసినాయన చర్చిలో ప్రసంగాలు చేసుకునే జోసెఫ్ ప్రీస్ట్‌లీ. అంకితం ఇచ్చింది మాత్రం బ్రిటిష్ నౌకాదళాన్ని ఏలుతున్న సాండ్‌విచ్ ప్రభువుకి. సోడా తయారీకీ నౌకాదళానికీ ఏమిటి సంబంధం? సంబంధం ఉంది. ఆ సోడాని ప్రీస్ట్‌లీ ఓడల కోసమే ఉద్దేశించాడు.

ఈ ముక్క తెలిసినప్పుడు నాకు భలే సరదా వేసింది. ఎందుకంటే ఇవాళ అమెరికాలో కార్నివాల్ కంపెనీ క్రూజ్ ఎక్కబోయేవాళ్ళు కోక్ డబ్బాలు లెక్కపెట్టుకుని మరీ సంచిలో సర్దుకుంటారు. మనిషికి పన్నెండే, పదమూడోది కుదరదు. ఓడ కోసం తయారైన పానీయాన్నే ఓడ గుమ్మం దగ్గర ఆపి లెక్క అడుగుతున్నారన్నమాట. ఇక్కడిదాకా ఎలా వచ్చిందో చూద్దామని బయల్దేరాను.

ప్రీస్ట్‌లీ 1767లో లీడ్స్ పట్టణానికి పాస్టరుగా వచ్చాడు. కాపురం పెట్టిన ఇంటి పక్కనే బీరు కాచే బట్టీ. పులుస్తున్న బీరు తొట్ల మీద జానెడు మందాన ఒక వాయువు పేరుకుని ఉండేది. వెలిగే పుల్లని అందులోకి దించితే టక్కున ఆరిపోయేది. ఆరిన పుల్ల పొగ పైకి పోకుండా ఆ వాయువులోనే ఉండి, తొట్టి అంచు మీంచి నేల మీదికి జారేది. ఇప్పుడైతే దాన్ని కార్బన్ డయాక్సైడ్ అంటాం. ఆయన రెండు పాత్రలు పట్టుకుని, టీ కొట్టువాడు టీ తిరగపోసినట్టు, ఆ తొట్టి మీద ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి నీళ్ళు పోస్తూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ నీళ్ళు నాలుక మీద చిటచిటలాడాయి. స్నేహితులకి ఇచ్చాడు, వాళ్ళు మెచ్చుకున్నారు. అక్కడికి అది వచ్చినవాళ్ళకి చూపించే వినోదం, అంతే.

దానికి ఓడ తోడైంది అయిదేళ్ళ తర్వాత. 1772లో లండన్‌లో నార్తంబర్లాండ్ డ్యూక్ ఇంట్లో విందు జరిగింది. డ్యూక్‌గారు ఒక సీసా తెప్పించి అతిథులకి చూపించాడు. నౌకాదళం కోసం డాక్టర్ ఇర్వింగ్ సముద్రపు నీళ్ళనుంచి బట్టీపట్టిన నీళ్ళు. ఉప్పదనం ఏమాత్రం లేదు, కానీ చప్పగా, చచ్చినట్టున్నాయి. ఊటనీళ్ళలోని చురుకు లేదు. ప్రీస్ట్‌లీకి వెంటనే బీరు తొట్టి గుర్తొచ్చింది. ఈ నీళ్ళకి చురుకు తేవడం నాకు చేతనవునే అనుకున్నాడు.

రుచి ఒక్కటే కాదు, ఆయన మనసులో ఇంకా పెద్ద ఆశ ఉంది. అప్పటి నావికుల పాలిటి యముడు స్కర్వీ. చిగుళ్ళు వాచి, పళ్ళు ఊడి, ఎప్పుడో మానిన గాయాలు తిరిగి విచ్చుకునే జబ్బు. నిజానికి మందు అప్పటికే కళ్ళెదుట ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు సాలిస్‌బరీ అనే యుద్ధనౌక మీద పన్నెండుమంది రోగుల్ని జంటలుగా విడదీసి ఒక్కో జంటకి ఒక్కోటి పట్టాడు: ఒకరికి ఆపిల్ సారా, ఒకరికి వెనిగర్, ఒకరికి సముద్రపు నీళ్ళు. నారింజలూ నిమ్మకాయలూ తిన్న జంటే వారం తిరగకుండా లేచి కూర్చుంది. కానీ పట్టించుకున్నవాళ్ళు తక్కువ. డబ్లిన్‌లో మెక్‌బ్రైడ్ అనే వైద్యుడు, ఒంట్లో కుళ్ళుని ఆపేది ఈ వాయువేనని 1764లో సిద్ధాంతం రాశాడు. ప్రీస్ట్‌లీ దాన్ని నమ్మాడు. వాయువు ఎక్కించిన నీళ్ళు తాగిస్తే నావికులు బతుకుతారని లెక్క వేశాడు.

ఓడ మీద బీరు తొట్లు ఉండవు కదా. అందుకని సుద్దముక్కల మీద గంధకామ్లం పోసి వాయువు పుట్టించి, దాన్ని పంది మూత్రాశయంతో చేసిన తిత్తిలోకి పట్టి, అక్కడినుంచి గొట్టం ద్వారా నీళ్ళలోకి పిండే పరికరం తయారుచేశాడు. తిత్తి ఎందుకంటే మధ్యలో వంగుతుంది, సీసాని బాగా కుదపవచ్చు. కొన్నేళ్ళకి నూత్ అనే వైద్యుడు గాజుతో ఇంకో పరికరం చేసి, ప్రీస్ట్‌లీ తిత్తి వల్ల నీళ్ళకి మూత్రం రుచి వస్తోందని రాశాడు. ప్రీస్ట్‌లీ ఊరుకుంటాడా? తప్పు నా తిత్తిది కాదు, మీ పనివాడు దాన్ని వేరే అవసరానికి వాడుకున్నాడేమో చూసుకోండి అనే అర్థం వచ్చేలా దెప్పిపొడిచాడు. శాస్త్రచరిత్రలో ఇలాంటి తగువులు నాకు మహా ఇష్టం.

ఇంకో తమాషా ఉంది. నావికుడు కెప్టెన్ కుక్ రెండో సముద్రయాత్రకి మీరూ రండి అని 1771 చివర్లో ప్రీస్ట్‌లీని పిలిచారు. ఆయన సిద్ధమయ్యాడు కూడా. ఇంతలో ఆయన మతాభిప్రాయాలు కొందరు పెద్దలకి నచ్చక, వద్దు పొమ్మన్నారు. మనిషిని వద్దన్నారు కానీ పరికరాన్ని కాదనలేదు. 1772 జులైలో ప్లిమత్ నుంచి బయల్దేరిన రిజల్యూషన్, అడ్వెంచర్ ఓడల్లో సోడా సరంజామా ఉంది. సోడా ఓడెక్కింది, సోడా చేసినవాడు ఒడ్డునే ఉండిపోయాడు.

ఫలితం? స్కర్వీ మీద సోడా సున్నా. గాలిబుడగల్లో విటమిన్ సి ఎక్కడిది? నౌకాదళం 1795లో నిమ్మరసానికి వచ్చింది. అయినా 1773లో రాయల్ సొసైటీ ప్రీస్ట్‌లీకి కాప్లీ పతకం ఇచ్చింది. నన్ను ఆకట్టుకునేది మాత్రం పతకం కాదు. ఆయన పేటెంటు అడగలేదు, కొట్టు పెట్టలేదు. ఎవరైనా చేసుకోండని పద్ధతంతా అచ్చేయించాడు. దానిమీద వ్యాపారం కట్టింది జాకబ్ ష్వెప్. జెనీవాలో మొదలుపెట్టి, 1792లో లండన్ వచ్చాడు. ఆ పేరు ఇప్పటికీ సీసాల మీద చూస్తున్నాం.

ఓడల చలవతో వచ్చిన పానీయం ఇంకొకటుంది. 1867లో బ్రిటన్ తన వర్తక నౌకల్లో నావికులకి నిమ్మజాతి రసం ఇచ్చి తీరాలని చట్టం చేసింది. ఓడల్లో రసం చెడిపోకుండా అందులో సారాయి కలిపేవారు. లాక్లన్ రోజ్ అనే స్కాట్లాండ్ వర్తకుడు సారాయి బదులు పంచదారతో నిలవ ఉంచే పద్ధతికి అదే ఏడాది పేటెంటు తీసుకున్నాడు. రోజెస్ లైమ్ కార్డియల్ అదే.

సోడాది ఒక్కటే తంటా. బెరడు బిరడా ఎండితే గ్యాసు జారిపోతుంది. అందుకే పాతకాలంలో అడుగు గుండ్రంగా ఉన్న సీసాలు చేసేవారు. నిలబెట్టాలన్నా నిలబడవు, పడుకోబెట్టే ఉంచాలి, బిరడా తడిగా ఉంటుంది. 1872లో హిరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు బిరడానే తీసేసి గోలీ పెట్టాడు. మెడలో రబ్బరు చుట్టు, దానికి కిందినుంచి గ్యాసు ఒత్తిడితో అదుముకున్న గాజుగోలీ. వేలితో లోపలికి నొక్కితే ‘కీచ్’మని కిందికి జారుతుంది. వంచి తాగేటప్పుడు గోలీ మళ్ళీ మూతికి అడ్డం పడకుండా మెడ దగ్గర రెండు నొక్కులు ఉంటాయి. ఇంగ్లండ్ మరిచిపోయిన ఆ సీసా మన ఊళ్ళలో ఇంకా బతికే ఉంది.

ఇక ఎవరి తిండీ నీళ్ళూ వాళ్ళే తెచ్చుకునే సంగతి. వలసకూలీలూ, పేద ప్రయాణికులూ ఓడెక్కేటప్పుడు తిండీ గిన్నెలూ మోసుకెళ్ళడం లోకమంతా ఉన్నదే. నీళ్ళు మాత్రం ఓడవాడి బాధ్యత. 1842 నాటి బ్రిటిష్ చట్టం మనిషికి రోజుకి మూడు క్వార్టులు, అంటే మూడున్నర లీటర్లకి కాస్త తక్కువ, ఇవ్వాలంది. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్ళిన మనవాళ్ళు డెక్కు మీద తమ మూటల్లోని తిండే తింటూ బంగాళాఖాతం దాటారు. 1888లో బొంబాయిలో ఓడెక్కిన పద్దెనిమిదేళ్ళ గాంధీ, భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళడానికి జంకి, వెంట తెచ్చుకున్న మిఠాయిలూ పళ్ళూ గదిలోనే తిన్నాడు.

సొంత పానీయం తెచ్చుకోవడంలో అందరికంటే ఘనుడు జైపూర్ మహారాజు రెండో మాధోసింగ్. 1902లో ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి లండన్ వెళ్ళాలి. సముద్రం దాటితే ఆచారం పోతుందని భయం. ఒలింపియా అనే ఓడని మొత్తంగా మాట్లాడుకుని, వెండి గంగాళాల నిండా గంగాజలం నింపించి ఎక్కించాడు. ఒక్కో గంగాళం 345 కిలోల వెండి, నాలుగు వేల లీటర్ల పైచిలుకు నీళ్ళు పడుతుంది. ఎర్రసముద్రంలో తుఫాను వస్తే ఒకదాన్ని సముద్రుడికి సమర్పించారని కథ చెబుతారు. మిగిలిన రెండూ జైపూర్ సిటీ ప్యాలెస్‌లో ఉన్నాయి. ఇవాళ ఏ క్రూజ్ గుమ్మం దగ్గరైనా ఆ గంగాళాల్ని రానిస్తారా?

సంపన్నుల ఓడల్లో మర్యాద వేరు. పి అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ తొలి దశాబ్దాల్లో వైనూ బీరూ టికెట్టులోనే కలిపి ఇచ్చేది. తర్వాత ఆ మర్యాద పోయింది. ఓడెక్కడమే సరదాగా మారే రోజులూ వచ్చాయి. 1891లో ఆల్బర్ట్ బాలిన్ అనే జర్మన్ తన ‘ఆగస్టా విక్టోరియా’ని ఊరికే విహారానికి మధ్యధరా సముద్రంలో తిప్పాడు. 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం ఉన్నప్పుడు, ఎక్కడికీ పోకుండా సముద్రంలో తిరిగొచ్చే ఓడల్ని కేవలం మందు కోసం ఎక్కారు. తర్వాత విమానాలు వచ్చాయి. ఓడ ఎవర్నీ ఎక్కడికీ చేర్చనక్కర్లేని కాలం వచ్చింది.

ఇప్పటి క్రూజ్ వ్యాపారం పుట్టింది మయామీలో. 1972 మార్చిలో కార్నివాల్ కంపెనీ మొదటి ఓడ ‘మార్డీ గ్రా’ తొలి ప్రయాణంలోనే మయామీ బయట ఇసుకమేటలో దిగబడింది. బార్‌లో దానిమీదే ఒక డ్రింకు పుట్టింది: మార్డీ గ్రా ఆన్ ద రాక్స్! ఓడ కదలకపోయినా బార్ నడిచింది. ఈ వ్యాపారం కిటుకంతా అందులోనే ఉంది. టికెట్టు చవగ్గా పెట్టు, లోపలికి వచ్చాక ఖర్చు పెట్టించు. 2023లో కార్నివాల్ సంస్థ రాబడిలో మూడోవంతుకి పైగా టికెట్టు కాకుండా వచ్చిందే.

అందుకే 2015 జులైలో కార్నివాల్ సీసాలు తేవడం మాన్పించింది. నీళ్ళ సీసాల్లో వోడ్కా, కోక్ సీసాల్లో రమ్ము తెస్తున్నారని, తనిఖీలకి పొద్దుపోతోందని చెప్పింది. అందులో అబద్ధం లేదు. నోరు పుక్కిలించే మందు సీసాలో రంగు కలిపిన మద్యం తెచ్చే ఘనులు ఉండేవాళ్ళు. నిబంధన ఏమిటంటే 355 మిల్లీలీటర్లకి మించని డబ్బాలూ కార్టన్లూ, మనిషికి పన్నెండు, ఎక్కే రోజునే, చేతిసంచిలోనే. మిగతా కంపెనీల్లో రాయల్ కరీబియన్ గదికి పన్నెండంటుంది. నార్వీజియన్ అసలు వద్దంటుంది. పసిపిల్లల పాలకీ, వైద్య అవసరాలకీ సీలు తియ్యని శుద్ధజలం మాత్రం రానిస్తుంది. 2020లో కార్నివాల్ కోక్ మానేసి పెప్సీకి మారింది. అక్కడ కోక్ తప్ప ఇంకోటి ముట్టనివాళ్ళకి ఆ డబ్బాలే గతి.

డబ్బాలు మోయకుండా తాగాలంటే ప్యాకేజీ కొనాలి. రాయల్ కరీబియన్ ఓడల్లో రోజుకింతని కట్టి సోడా ప్యాకేజీ కొన్నవాళ్ళకి ఒక గ్లాసు ఇస్తారు. దాని అడుగున చిప్ ఉంటుంది. యంత్రం ముందు పెడితే చిప్‌ని చదువుతుంది. డబ్బు కట్టిన రోజులు అయిపోతే చుక్క రాలదు.

ఓడకి దొంగసారా అడ్డుకునే హక్కుంది, కాదనను. కానీ సీలు తియ్యని కోక్ డబ్బాలో దొంగతనం ఏముంది? పన్నెండు అనే అంకె వెనక ఉన్నది భద్రత కాదు, బార్ బిల్లు. చవక టికెట్టుకి మనం కడుతున్న మిగతా ధర మన దాహమే. పోయింది ఒక మర్యాద: ఎక్కించుకున్నవాడి దాహం తీర్చడం ఓడ పని అనే పట్టింపు.

డాలస్, హ్యూస్టన్‌ల నుంచి గాల్వెస్టన్ రేవుకి వెళ్ళి ఓడెక్కే తెలుగువాళ్ళూ, విశాఖ రేవులో ఎక్కేవాళ్ళూ ఒక పని చెయ్యండి. టికెట్టు కొనేముందే మీ ఓడ నిబంధన చదవండి. రోజుకి ఎన్ని డబ్బాలు తాగుతారో లెక్కేసుకుని ప్యాకేజీ ధరతో పోల్చండి. రెండు మూడు డబ్బాలతో సరిపెట్టుకునేవాళ్ళకి ప్యాకేజీ దండగ. డబ్బాల్ని పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. బఫే దగ్గర కుళాయి నీళ్ళు, సముద్రం నీళ్ళనే శుద్ధిచేసి ఇచ్చేవి, ఇప్పటికీ ఉచితమే.