కంప్యూటర్ వర్గీకరణకూ పాత పహాణీయే పునాది

ఆత్మకూరు: వనపర్తి జిల్లా ఆత్మకూరు సహా తెలంగాణ పల్లెల్లో భూమి హక్కు తేల్చడానికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ నేటికీ కీలక ఆధారం. 2017 సెప్టెంబరు 15న ప్రారంభమైన భూరికార్డుల ప్రక్షాళనలో వివాదం లేని భూములను 'పార్ట్‌-ఎ'లోను, వివాదాస్పదమైన వాటిని 'పార్ట్‌-బి'లోను చేర్చారు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్‌ ప్రారంభంతో లావాదేవీలన్నీ కంప్యూటర్‌కు మారాయి.

నమోదైన వర్గాన్ని బట్టే పోర్టల్‌ రిజిస్ట్రేషన్‌ను అనుమతిస్తుంది, లేదా నిలిపివేస్తుంది. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వ భూమి అయినా, బై నంబర్లు విడదీయకుంటే మిగతా పట్టాదారులకూ తిప్పలు తప్పవు. కంప్యూటర్‌ రికార్డును క్షణాల్లో వెతకగలదు గాని, పొలం గట్టు మీదికి వెళ్లి విచారణ జరపలేదు. ఒకసారి తప్పుగా ఎక్కిన వివరాన్ని అది అదే తీరున చూపుతూ పోతుంది.

ధరణి స్థానంలో 2025 ఏప్రిల్‌ 14న భూభారతి వచ్చింది. అధికారుల ఉత్తర్వులపై అప్పీలు చేసుకునే వీలును కొత్త చట్టం కల్పించింది. పాత పహాణీ నకలు, పాస్‌పుస్తకం, పోర్టల్‌లోని విస్తీర్ణం, భూమి స్వభావం ఒకదానితో ఒకటి సరిచూసుకోవడం రైతులకు శ్రేయస్కరం. తేడా కనిపిస్తే, అమ్మకం రోజు దాకా ఆగకుండా ముందే దరఖాస్తు చేసుకోవాలి.