సుంకాల నీడలో సౌరశక్తి: పదిహేనేళ్ల సింహావలోకనం

2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ మొదలైంది. 2022 నాటికి 20,000 మెగావాట్లు లక్ష్యం. సోలార్ కరెంటు చవగ్గా రావాలి, ప్యానెళ్లూ ఇక్కడే తయారవ్వాలి. రెండూ న్యాయమైన కోరికలే. దేనికి ఎప్పుడు పెద్దపీట వేయాలో తేలకపోవడంతో పదిహేనేళ్లుగా దిగుమతి విధానం మలుపులు తిరుగుతూనే ఉంది.

తొలి టెండర్లలో సిలికాన్ మాడ్యూళ్లు (ప్యానెళ్లు) దేశీయమైనవై ఉండాలన్నారు. పలుచటి పొరతో చేసే థిన్ ఫిల్మ్ ప్యానెళ్లకు మినహాయింపునిచ్చారు. డెవలపర్లు ఆ దారినే పట్టారు, విదేశీ థిన్ ఫిల్మ్ వెల్లువెత్తింది, దేశీయ సెల్ కంపెనీలు ఎన్నో చతికిలపడ్డాయి. 2013లో అమెరికా ఈ దేశీయ నిబంధనపై ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కింది. 2016లో మనం ఓడిపోయాం. ఈలోగా, 2014 మేలో యాంటీ డంపింగ్ సుంకానికి సిఫారసు వచ్చింది. ఆగస్టు నాటికి అది మురిగిపోయింది.

2015లో లక్ష్యం లక్ష మెగావాట్లకు పెరిగింది. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు టెండరులో యూనిట్ ధర రూ.3.15కు దిగింది. మరుసటి నెల రాజస్థాన్‌లోని భడ్లాలో అది రూ.2.44. చైనా ప్యానెళ్లు ఇంకా చవకవుతాయన్న నమ్మకంతో వేసిన బిడ్లవి. 2018 జనవరిలో ఏకంగా 70 శాతం తాత్కాలిక రక్షణ సుంకం ప్రతిపాదన వచ్చింది. జులైలో 25 శాతం విధించారు. ఒడిశా హైకోర్టు స్టే ఇచ్చింది, సెప్టెంబరులో సుప్రీంకోర్టు దాన్ని ఎత్తేసింది. ఆ నెలల్లో ప్యానెల్ ఖరీదెంతో ఎవరూ లెక్క కట్టలేకపోయారు. ఆ ఏడాది కొన్ని టెండర్లు రద్దయ్యాయి.

2021 మార్చిలో తీరు మారింది. ఏడాది తర్వాత, 2022 ఏప్రిల్ నుంచి మాడ్యూళ్లపై 40, సెల్స్‌పై 25 శాతం సుంకమని ముందే ప్రకటించారు. కొందరు గడువులోగా దిగుమతులు పోగేసుకున్న మాట నిజమే. అయినా ఫ్యాక్టరీ కట్టదలచినవారికి లెక్క తేలింది. మరోవైపు ఆమోదిత తయారీదారుల జాబితాలోని మాడ్యూళ్లే వాడాలన్న నిబంధనను మాత్రం 2023లో ఏడాదిపాటు పక్కన పెట్టి, 2024 ఏప్రిల్‌లో తిరిగి తెచ్చారు. 2022 ముగిసేసరికి సౌర సామర్థ్యం దాదాపు 63,000 మెగావాట్లే. లక్ష దాటింది 2025 జనవరిలో.

ఆలస్యం కన్నా పెద్ద నష్టం నవకల్పనకు జరిగింది. మాడ్యూల్ బిగింపు లైను నెలల్లో లేస్తుంది. సెల్, వేఫర్, పాలీసిలికాన్ కర్మాగారాలకు ఏళ్లు పడుతుంది, పరిశోధనకు అంతకన్నా ఎక్కువ. రేపటి సుంకం తెలియనివాడు తొందరగా డబ్బు తిరిగొచ్చే పనే ఎంచుకుంటాడు. అందుకే మనకు మాడ్యూల్ లైన్లు మెండుగా ఉన్నాయి. హైదరాబాదు ప్రీమియర్ ఎనర్జీస్‌లా సెల్స్ కూడా తయారుచేసేవారు తక్కువ. వేఫర్ల కోసం నేటికీ చైనా వైపే చూస్తున్నాం.

ఎక్కువ సుంకాన్ని పరిశ్రమ భరించగలదు, తక్కువ సుంకంతో పోటీకి దిగగలదు. ఏది వస్తుందో తెలియనప్పుడు మాత్రం చేతులు ముడుచుకుంటుంది. 2026 జూన్ నుంచి సెల్స్‌కూ ఆమోదిత జాబితా వర్తిస్తుందని 2024 డిసెంబరులోనే చెప్పడం మంచి పద్ధతి. సుంకం ఎంత, ఎన్నాళ్లు, ఎప్పుడు సమీక్షిస్తారన్నవి లక్ష్యంతోపాటే ప్రకటించి ఆ మాట మీద నిలబడాలి. పరిశోధనకు పెట్టుబడి అప్పుడే కదులుతుంది.