గోదారి మీద దిగిన కలప

మా రాజమండ్రికి గోదావరి నీళ్లతోపాటు కలపనూ మోసుకొచ్చింది. పాపికొండల ఎగువ అడవుల్లో కొట్టిన టేకు దుంగల్ని తెప్పలుగా కట్టి ఏటికి వదిలేవారు. పచ్చి టేకు బరువు, ఒంటరిగా సరిగ్గా తేలదు. అందుకని దుంగలకు వెదుళ్లు జతచేసి కట్టేవారు. తెప్ప ఊరి గట్టుకు చేరాక విప్పితే టేకు ఒక బేరం, వెదురు ఇంకో బేరం. నీళ్లలో నానుతూ రావడం వెదురుకు మేలే చేసేది. లోపలి పిండి పదార్థం కొంత కరిగిపోతే పురుగు పట్టడం తగ్గుతుంది. ఆ దుంగల కోసం గట్టు వెంబడి అడితీలు వెలిశాయి, అడితీల కోసం కోతమిల్లులు వచ్చాయి, వాటి చుట్టూ వడ్రంగుల కుటుంబాలు స్థిరపడ్డాయి. మా ఊరి చరిత్ర రాజరాజ నరేంద్రుడితో, కందుకూరి వీరేశలింగంతో ఆగిపోదని, అందులో ఒక అధ్యాయం కలపదని నేను గట్టిగా నమ్ముతాను.

1847లో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు కలిసొచ్చిన వాటిలో ఈ కలప కూడా ఉంది. రాయి పక్క కొండల్లోనే దొరికింది, టేకు ఎగువనుంచి నీటి మీద దిగింది. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది. తర్వాత కాలువలు పారాయి. కాలువలకు లాకులు, లాకులకు తలుపులు, సరుకు రవాణాకు పడవలు, పొలం పండినవాళ్ల ఇళ్లకు దూలాలు, గుమ్మాలు కావలసివచ్చాయి. డెల్టాలో నీళ్లు పారిన చోటల్లా మండువా లోగిళ్లు లేచాయి. ఆ లోగిళ్లలోకి పందిరి మంచాలు, భోషాణాలు, ఉయ్యాల బల్లలు, పడక కుర్చీలు వచ్చాయి. మన్యం అడవి కొద్దికొద్దిగా మైదానంలోకి దిగి ఇళ్లలో కూర్చుంది.

ఆనాటి వడ్రంగులు వస్తువును ఎలా కట్టారో చెప్పడానికి మా అమ్మమ్మగారి పట్టెమంచం ఒక్కటి చాలు. నాలుగు కోళ్లు, రెండు నిలువు పట్టెలు, రెండు అడ్డ పట్టెలు. పట్టె చివర కుసి చెక్కి, కోడుకి బెజ్జం తొలిచి, ఒకదాన్లో ఒకటి దిగ్గొట్టారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. మీద నులక అల్లారు. ఎండకీ వానకీ నులక వదులైతే కాళ్ల వైపు తాడు బిగించుకునేవాళ్లం. నాలుగైదేళ్లకు పూర్తిగా పాడైతే పాతది విప్పేసి కొత్తది అల్లించేవాళ్లు. కోడు చీలితే ఆ కోడు ఒక్కటే మార్చేవాళ్లు. అరిగే భాగం వేరు, నిలిచే భాగం వేరు. అరిగేదాన్ని నారతో చేశారు, ఏడాది తిరక్కుండా మళ్లీ పెరిగే మొక్క అది. నిలిచేదాన్ని యాభై అరవై ఏళ్లు పెరిగిన టేకు చేవతో చేశారు.

ఆ మంచం కోనసీమలో ఒక లంక ఊళ్లో ఉండేది. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరద మా తరం మరిచిపోలేనిది. ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కులు పారిన వరద అది. అమ్మమ్మగారి ఇంట్లో నీళ్లు కిటికీల దాకా వచ్చాయి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే నులక కుళ్లి ఊడిపోయింది. పట్టెలూ కోళ్లూ బురదలో ఉన్నాయి. మావయ్య వాటిని కడిగి, ఎండ తగలకుండా చావడిలో రెండు వారాలు ఆరబెట్టాడు. మళ్లీ నులక అల్లించాడు. ఇప్పుడు రాజమండ్రిలో మా ఇంట్లో నేను పడుకునేది ఆ మంచం మీదే.

ఈ కలపకు అడవి చెల్లించిన వెల కూడా చెప్పాలి. ఊరి చరిత్ర రాసేవాళ్లు దాన్ని దాటవేయకూడదు. మంచాలకూ తలుపులకూ వాడింది కొంతే. రైలుమార్గానికి చెక్క కావలసివచ్చింది. గోదావరి మీద మొదటి రైలు వంతెన 1900లో తెరిచారు. 1924లో కర్నాటిక్ పేపర్ మిల్లుగా మొదలై తర్వాత ఆంధ్రా పేపర్ మిల్స్ అయిన కాగితపు మిల్లుకు మన్యం వెదురు దశాబ్దాలపాటు ముడిసరుకు. వర్జీనియా పొగాకు వచ్చాక బ్యారన్‌లలో ఆకు కాల్చడానికి కట్టె కావలసివచ్చింది. ఆ అడవుల్లో పుట్టి పెరిగిన కొండరెడ్లకూ కోయలకూ మాత్రం 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడుకీ, పశువుల మేతకీ, వంటచెరుకుకీ ఆంక్షలు మిగిలాయి. అడవి నరికించుకున్న పట్నం బాగుపడింది, అడవిలో ఉన్నవాళ్లు దోషులయ్యారు. మా ఊరి టేకు తలుపుల నునుపు వెనక ఈ అన్యాయం ఉంది.

1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గోదావర్మన్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుతో దేశమంతటా అడవుల్లో నరుకుడుకు పగ్గం పడింది. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. అది జరగవలసిందే. అయితే ఊళ్లో బల్లలూ మంచాలూ కొనడం ఆగలేదు కదా. ఆ ఖాళీలోకి రంపపు పొట్టునీ చెక్క పేళ్లనీ జిగురుతో అదిమి చేసిన అట్ట చెక్క వచ్చింది. పారేసే పొట్టును వాడటం మంచి ఆలోచనే. చిక్కు దాన్ని అంటించే జిగురుతో, దాని ఆయుష్షుతో వస్తుంది. చాలా రకాల బోర్డుల్లో వాడే జిగురు నుంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు గదిలోకి కొద్దికొద్దిగా వెలువడుతూనే ఉంటుంది. తడి తగిలితే చెక్క ఉబ్బుతుంది. మా ఇంట్లో అలాంటి బీరువా ఒకటి కొన్నాం. గోడ చెమ్మకు మూడో వానాకాలంలోనే అడుగు ఉబ్బి, మరలు పట్టు వదిలేశాయి. బాగుచేయమంటే కొన్నచోట కొత్తది కొనుక్కోమన్నారు. మేస్త్రీకి చూపిస్తే కుసి తీయడానికి అందులో చెక్కే లేదన్నాడు. పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాని వస్తువు అది. కాలిస్తే ఆ జిగురు పొగ మనమే పీల్చాలి.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. డెల్టాలో మండువా ఇళ్లు పడగొట్టినప్పుడల్లా వాటి దూలాలు, వాసాలు, గుమ్మాలు పాత కలప అడితీలకు చేరుతున్నాయి. మొన్న వేసవిలో నేనూ ఒక దూలం ముక్క కొన్నాను. పైన మసి, సున్నం, చెద మట్టి ఆనవాళ్లు. మా మేస్త్రీ దాన్ని చూడగానే, "బాబుగారూ, దీన్ని తిన్నగా మిల్లుకి పంపకండి. లోపల మేకులుంటాయి, రంపం పళ్లు పోతాయి" అన్నాడు. అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతికాడు. పదకొండు మేకులు దొరికాయి. ఒక్కొక్కటీ చుట్టూ చెక్క చెదరకుండా లాగాడు. తర్వాత చిత్రిక పట్టాడు. నాలుగు పట్లకి నల్లటి పొర లేచిపోయి తేనె రంగు చెక్క బయటపడింది, టేకు వాసన గదంతా వచ్చింది. అంచున వేలెడు మందాన తెల్లగా ఉన్న చెక్కనంతా చెద తినేసింది. లోపలి చేవ జోలికి రాలేదు. మన భాషలో మనిషి సత్తాకీ చెట్టు నడిబొడ్డు చెక్కకీ ఒకే మాట ఎందుకుందో నాకు అప్పుడు కళ్లకు కట్టింది.

ఆ దూలంతో రాతబల్ల చేయించుకున్నాను. మేకుల బెజ్జాలను లప్పంతో కప్పొద్దన్నాను. వాటిలో టేకు సీలలు కొట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, లక్క పాలిష్ పెట్టాడు. బల్ల కాళ్లు కుసులతోనే దిగాయి. ఇల్లు మారినా విప్పుకోవచ్చు, కాలు విరిగినా ఒక్క కాలే మార్చుకోవచ్చు.

అందరికీ పాత దూలాలు చాలవు. కాబట్టి కొత్తగా సామాను గీసేవాళ్లు, చేసేవాళ్లు మా ఊరి అనుభవంనుంచి నేర్చుకోవలసినవి ఉన్నాయి. మొదటిది, కలప పొలంలో పెంచినదై ఉండాలి. గట్ల మీద వేసిన టేకును పదిహేను, ఇరవై ఏళ్లకే కొట్టేస్తే అందులో తెల్లచెక్క పాలు ఎక్కువ, చేవ తక్కువ. అలాంటి చెక్కను తలుపులకీ కోళ్లకీ పెట్టకుండా, తడి తగలని చోట, తేలిగ్గా మార్చుకునే భాగాలకు వాడాలి. వేప, మామిడి, నిద్రగన్నేరు, తుమ్మ మన చుట్టూనే పెరుగుతాయి. దేని బలం దేనికో మేస్త్రీలకు తెలుసు, అడగాలి. రెండోది వెదురు. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెంచిన వెదురును చెట్ల జాబితాలోంచి తీసేశారు. దాన్ని పెంచి, కొట్టి, అమ్ముకోవడానికి ఆ చట్టం కింద అడ్డంకి తొలగింది. మూడు నాలుగేళ్ల గడను వానలు వెనకబట్టాక కొట్టి, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెడితే పురుగు పట్టదు. వెదురు పని తరతరాలుగా చేతిలో ఉన్న మన్యం కుటుంబాలకు ఇందులో కూలి దక్కితే చాలదు, వాటా దక్కాలి. ఒకప్పుడు తీసుకున్నదానికి మైదానం తీర్చవలసిన బాకీ అది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. ఏ వస్తువైనా గీసే రోజునే అది ఎలా విప్పుకోవాలో కూడా గీయాలి. అరిగే భాగాన్ని నిలిచే భాగానికి జిగురుతో అంటించేస్తే, అరిగేది పోయినరోజే రెండూ చెత్తలోకి పోతాయి. చెట్టు ఎన్నేళ్లు పెరిగిందో కనీసం అన్నేళ్లు వస్తువు మన ఇంట్లో ఉంటే, ఆలోగా దాని చోట ఇంకో చెట్టు ఎదుగుతుంది. పర్యావరణానికి హాని చేయని సామాను అంటే నాకు తెలిసిన కొలత ఇదే. అరవై ఏళ్ల చెట్టుతో ఆరేళ్ల మంచం చేయడం దండగ.

ఈ వ్యాసం చదివేవాళ్లను ఒకటే కోరుతున్నాను. మీ అటక మీదో, గొడ్ల సావిట్లోనో ఒక పాత మంచం కోడో, గుమ్మమో పడి ఉంటుంది. పాత సామాన్లవాడికి కిలోల లెక్కన అమ్మేసే ముందు ఒక్కసారి వడ్రంగి మేస్త్రీని పిలిచి చూపించండి. ఆ కలప మా గోదారి మీద దిగివచ్చిందే కావచ్చు. దాని చేవ ఇంకా అయిపోలేదు.