మోటుపల్లి శాసనము: రేవుపట్టణ ధర్మము

మోటుపల్లి అభయ శాసనమును గణపతిదేవుని దయాగుణమునకు నిదర్శనముగా పేర్కొనుట పరిపాటి. కృప, కీర్తి అను మాటలు అందున్నమాట నిజమే. అయినను అది ప్రధానముగా ఒక రేవును నిలబెట్టిన చట్టమని నా అభిప్రాయము.

శక సంవత్సరము 1166, అనగా క్రీ.శ. 1244-45 నాటి యీ శాసనము నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి వీరభద్రాలయమున కలదు. ద్వీపాంతరములకు పోవు ఓడలు గాలివానకు పగిలి ఒడ్డునబడినచో అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు సర్వమును పూర్వరాజులు అపహరించుచుండిరట. సముద్రమునకు దూరముగా ఓరుగంటనున్న యీ ప్రభువు ఆ హక్కును విడిచి, నిర్ణీత సుంకమును మాత్రమే నిలుపుకొనెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు. చందనము, కర్పూరము, ముత్యములు మున్నగువానికి వేర్వేరు రేట్లు. ఈ పట్టికయే శాసనమునకు ప్రాణము. ఓడ యెక్కుటకు ముందే వర్తకుడు తాను చెల్లింపవలసినది లెక్కించుకొనగలిగెను.

ఇట్టి అభయము రాజవంశముతోనే ముగియునది. కాకతీయ రాజ్యము 1323లో పతనమయ్యెను. 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే యూర వర్తకులకు మరల అభయమీయవలసివచ్చెను. ఈమారు సంస్కృతాంధ్రములతోపాటు తమిళమునను వ్రాయించెను. చదువవలసినవారిలో ఆ భాషవారు పెక్కురుండిరి కాబోలు.