ఇంజిన్ విప్పే ముందు.. ప్లగ్గు చూడండి!
మిస్సింగ్‌కు మూలం తెలిశాకే మరమ్మతు
చిన్న పరీక్షలతో వేల రూపాయలు ఆదా

మెట్‌పల్లి: నిన్నటిదాకా సాఫీగా నడిచిన బండి ఉన్నట్టుండి కుదుపులిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కినా వేగం అందుకోదు. ఎత్తు ఎక్కాలంటే మొరాయిస్తుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వణుకుతుంది. మెకానిక్‌లు దీన్నే 'మిస్సింగ్' అంటారు. షెడ్డుకు తీసుకెళితే కొన్నిచోట్ల బానెట్ ఎత్తగానే 'ఇంజిన్ బోరుకొచ్చింది, విప్పాల్సిందే' అనే మాట వినిపిస్తుంది. పసుపు అమ్మిన డబ్బో, గల్ఫ్ నుంచి కొడుకు పంపిన సొమ్మో దానికే ఖర్చయిపోతుంది. తీరా విప్పి బిగించాక కూడా కుదుపు పోకపోతే అసలు లోపం వందల రూపాయల ప్లగ్గులోనో, తెగిన వైరులోనో ఉందని బయటపడుతుంది. కారణం తేలకముందే ఇంజిన్‌పై చేయి వేయనివ్వకపోవడమే యజమానికి రక్ష.

ఎందుకు వస్తుంది?

పెట్రోల్ ఇంజిన్ నడవడానికి మూడు కావాలి. సరైన పాళ్లలో గాలి, పెట్రోల్ కలవాలి. ఆ మిశ్రమం సిలిండర్‌లో గట్టిగా అదమాలి. సరిగ్గా సమయానికి ప్లగ్గు నిప్పురవ్వ వేయాలి. ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే ఫోర్‌స్ట్రోక్ బండిలో ఒక్కో సిలిండర్‌లో 1,500 సార్లు ఇంధనం మండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఆ సిలిండర్ పని మానేస్తుంది. మూడు సిలిండర్ల కారులో మూడో వంతు, నాలుగు సిలిండర్ల కారులో నాలుగో వంతు శక్తి పోతుంది. ద్విచక్ర వాహనానికి సాధారణంగా ఉండేది ఒకే సిలిండర్ కాబట్టి బండి మొత్తం తడబడుతుంది.

ఎప్పుడు వస్తోందో గమనించండి

మెకానిక్ వద్దకు వెళ్లేముందు మిస్సింగ్ ఏ సమయంలో వస్తోందో రాసి పెట్టుకోవాలి. సగం రోగ నిర్ధారణ అక్కడే జరుగుతుంది.
* బరువుతో, ఎత్తు ఎక్కేటప్పుడు వస్తే ముందుగా ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్‌ను అనుమానించాలి.
* వేగం పెంచినప్పుడు ఇంజిన్ నీరసిస్తే పెట్రోల్ ఫిల్టర్, పంపు చూడాలి.
* ఆగి ఉన్నప్పుడు వణికి, వేగంలో సర్దుకుంటే గాలి పైపు ఎక్కడో చిట్లి ఉండవచ్చు. చెవిపెట్టి వింటే బుస్సుమనే శబ్దం వస్తుంది.
* వానలో, బండి కడిగిన తర్వాత వస్తే ప్లగ్గు క్యాప్, వైర్లలో తడి చేరిందేమో చూడాలి.
* పెట్రోల్ పోయించుకున్న వెంటనే మొదలైతే ట్యాంకులో నీరు చేరిందేమో పరీక్షించాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి.
* నెలల తరబడి కొట్టంలో నిలిపిన బండి అయితే ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడాలి.

ప్లగ్గే సాక్షి

ఇంజిన్ పూర్తిగా చల్లారాక ప్లగ్గు విప్పి చూస్తే లోపల జరుగుతున్నది తెలుస్తుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడిగా, మసిలా నల్లబడితే పెట్రోల్ ఎక్కువగా మండుతున్నట్టు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా ఇలాగే అవుతుంది. తెల్లగా మాడితే పెట్రోల్ చాలడం లేదని, ఇంజిన్ అధికంగా వేడెక్కుతోందని అనుమానించాలి. నల్లగా, జిడ్డుగా ఆయిల్ అంటుకుంటేనే రింగులు, వాల్వ్ సీళ్ల మీదకు అనుమానం పోవాలి. ప్లగ్గు మార్చేటప్పుడు కంపెనీ పుస్తకంలో చెప్పిన నంబరుదే వేయాలి.

పైసా ఖర్చులేని పరీక్ష

కొత్త కార్లలో స్టీరింగ్ కింద స్కానర్ తగిలించే సాకెట్ ఉంటుంది. స్కానర్‌లో 'పీ0301' అని వస్తే ఒకటో సిలిండర్‌లో, 'పీ0302' వస్తే రెండో సిలిండర్‌లో మిస్సింగ్ అని అర్థం. 'పీ0300' వస్తే ఏ ఒక్కదానికో పరిమితం కాలేదని అర్థం. అప్పుడు అన్ని సిలిండర్లకు ఉమ్మడిగా ఉండే పెట్రోల్ సరఫరా, గాలి లీకులను ముందుగా చూడాలి. కోడ్ చెప్పేది ఏ సిలిండరో మాత్రమే. ఏ భాగం చెడిందో చెప్పదు. కోడ్ చూడగానే ఇంజెక్టరో, కాయిలో కొనమంటే తొందరపడకూడదు.

ఒక్కో సిలిండర్‌కు ఒక్కో కాయిల్ ఉన్న కార్లలో, ఇంజిన్ ఆపి ఒకటో సిలిండర్ కాయిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని ఒకటోదానికి మార్చి బిగించాలి. పాత కోడ్ తుడిచి బండి నడపాలి. లోపం రెండో సిలిండర్‌కు మారితే దోషి ఆ కాయిలే. మారకపోతే ప్లగ్గులు మార్చి చూడాలి. అప్పటికీ ఒకటో సిలిండర్‌లోనే ఉంటే ఇంజెక్టర్, ఆ తర్వాత సిలిండర్ ఒత్తిడి పరీక్షించాలి. ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్గు వైరు లాగి చూసే పాత పద్ధతి వద్దు. వేల వోల్టుల విద్యుత్తు షాక్ కొడుతుంది. కాయిల్ కూడా పాడవుతుంది.

విప్పమంటే కొలత అడగండి

పిస్టన్, రింగులు, వాల్వులు చెడ్డాయంటే రుజువు ఉండాలి. ప్లగ్గు స్థానంలో గేజి బిగించి ఇంజిన్ తిప్పితే ఒక్కో సిలిండర్ ఒత్తిడి తెలుస్తుంది. అన్నీ దాదాపు సమానంగా, కంపెనీ చెప్పిన స్థాయిలో ఉంటే ఇంజిన్ విప్పాల్సిన పని లేదు. ఒకటి బాగా తగ్గితే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ఒత్తిడి పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్లో లోపం ఉన్నట్టు. వాల్వు సందు బిగుసుకుపోయినా ఒత్తిడి తగ్గుతుంది. సర్దుబాటుతో పోయే ఆ లోపానికి హెడ్ దించక్కర్లేదు. ఎల్పీజీ, సీఎన్జీ ఆటోల యజమానులు దీన్ని ముందుగా చూపించుకోవాలి.

ట్రాక్టర్లకు వేరు

పసుపు బస్తాలతో మార్కెట్ యార్డుకు వచ్చే ట్రాక్టర్లకు ప్లగ్గు ఉండదు. డీజిల్ ఇంజిన్‌లో అదిమిన గాలి వేడికే ఇంధనం మండుతుంది. ఇక్కడ తొలి అనుమానితులు డీజిల్‌లో నీరు, మూసుకుపోయిన ఫిల్టర్, పైపుల్లో చేరిన గాలి. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపితే గాలి చేరుతుంది. ఫిల్టర్ మార్చి, చేతి పంపుతో గాలి తీస్తే చాలాసార్లు సరిపోతుంది. ఆ తర్వాతే ఇంజెక్టర్ల పరీక్ష. కామన్ రైల్ ఇంజిన్లలో మాత్రం పైపులు వదులు చేయరాదు. వెయ్యి బార్లకు మించిన ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుపోతుంది.

దీపం మెరిస్తే ఆపండి

చాలా కార్లలో ఇంజిన్ దీపం నిలకడగా వెలిగితే త్వరగా చూపించుకోవాలి. ఆగి ఆగి మెరిస్తే మిస్సింగ్ తీవ్రంగా ఉన్నట్టు. మండని పెట్రోల్ సైలెన్సర్ మార్గంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి మండి దాన్ని కాల్చేస్తుంది. అప్పుడు ప్లగ్గు ఖర్చు కన్వర్టర్ ఖర్చవుతుంది. డబ్బు ఒక్కటే కాదు. ఆర్మూరు నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల వెళ్లే 63వ జాతీయ రహదారిపై లారీని దాటుతుండగా ఇంజిన్ శక్తి పోతే ప్రాణానికే ముప్పు. బండి పక్కకు తీసి నిలపడమే మేలు.

బిల్లు మీ హక్కు

పని మొదలుపెట్టక ముందే అంచనా రాయించుకోవాలి. మార్చిన పాత భాగాలు తిరిగి అడిగి తీసుకోవాలి. వస్తువుకు గానీ, సేవకు గానీ బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. మరమ్మతులో లోపం ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే రుసుము లేదు.

నిజాయతీగా పనిచేసే మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. గేజి చూపించి, లోపం ఎక్కడుందో వివరించి, ఆ తర్వాతే స్పానర్ పడతాడు. అలాంటి షెడ్డు దొరికితే బండికీ, జేబుకూ భరోసా.