శివారు ప్రాంతాల పునర్నిర్మాణం

శివారు ప్రాంతాల పునర్నిర్మాణం అనగా కారు ప్రయాణాన్ని దృష్టిలో ఉంచుకొని కట్టిన నగర శివార్లను, ఇండ్లు, దుకాణాలు, కార్యాలయాలు నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండే పేటలుగా మార్చడం. కొత్తగా పొలాలను, అడవులను ఆక్రమించకుండా, ఇదివరకే కట్టడాలున్న స్థలాన్ని మరల ఉపయోగించడం దీని ముఖ్య లక్షణం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1980వ దశకం నుండి ఇటువంటి ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఎలెన్ డన్‌హామ్-జోన్స్, జూన్ విలియమ్సన్ కలిసి వ్రాసిన "రెట్రోఫిటింగ్ సబర్బియా" ఈ విషయంపై ప్రసిద్ధ గ్రంథం.

నేపథ్యం

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో శివారు కాలనీలు వేగంగా విస్తరించాయి. న్యూయార్క్ సమీపంలో 1947లో నిర్మాణం మొదలైన లెవిట్‌టౌన్‌లో 17,000కు పైగా ఇండ్లు కట్టారు. 1956లో వచ్చిన జాతీయ రహదారుల చట్టం ఈ విస్తరణకు మరింత ఊతమిచ్చింది. నివాసాలను, వ్యాపారాలను వేరువేరు ప్రాంతాలకు పరిమితం చేసే జోనింగ్ నిబంధనలను అమెరికా సుప్రీం కోర్టు 1926లోనే సమర్థించింది. ఫలితంగా చాలా శివార్లలో పాలు కొనడానికి కూడా కారు తీయవలసిన పరిస్థితి ఏర్పడింది. కారు నడపలేని పిల్లలు, వృద్ధులు ప్రతి చిన్న పనికీ ఇతరులపై ఆధారపడవలసి వచ్చింది.

1956లోనే మిన్నెసోటా రాష్ట్రంలోని ఈడైనాలో, పూర్తిగా పైకప్పు క్రింద ఉండే మొదటి మాల్ అయిన సౌత్‌డేల్ ప్రారంభమైంది. దాని రూపశిల్పి విక్టర్ గ్రూన్ మాల్ చుట్టూ ఇండ్లు, పాఠశాలలు, ఉద్యానం ఉండాలని తలపెట్టాడు. కాని మొదట కట్టింది మాల్, దాని చుట్టూ పార్కింగ్ స్థలం మాత్రమే. తరువాత దేశమంతటా వచ్చిన మాల్స్ ఈ నమూనానే అనుసరించాయి. 1990వ దశకం నుండి వీటిలో అనేకం ఆదరణ కోల్పోయి మూతపడసాగాయి. పునర్నిర్మాణానికి కావలసిన విశాలమైన స్థలాలు ఈ విధంగా లభించాయి.

పద్ధతులు

డన్‌హామ్-జోన్స్, విలియమ్సన్ మూడు పద్ధతులను పేర్కొన్నారు.

* పాత కట్టడాలను తొలగించి, వీధులు, కాలిబాటలు, బహుళ అంతస్తుల భవనాలతో కొత్త పేటను కట్టడం.
* భవనాన్ని అలాగే ఉంచి గ్రంథాలయం, పాఠశాల, వైద్యశాల వంటి వేరొక అవసరానికి వాడుకోవడం.
* కట్టడాలను, తారు నేలను తొలగించి ఉద్యానాలను, వాగులను, చిత్తడి నేలలను పునరుద్ధరించడం.

మొదటి పద్ధతిలో సాధారణంగా భవనాలను వీధి అంచున నిర్మించి, క్రింది అంతస్తులో దుకాణాలకు, పై అంతస్తులలో నివాసాలకు చోటు కల్పిస్తారు. కార్లను బహుళ అంతస్తుల పార్కింగ్ భవనాలలోకి మారుస్తారు.

బెల్మార్

కొలరాడో రాష్ట్రంలో డెన్వర్ నగరానికి పశ్చిమాన ఉన్న లేక్‌వుడ్ 1969లో నగరంగా ఏర్పడింది. దానికి పాత ఊళ్ళకు ఉండే నడిబొడ్డు లేదు. 1966లో ప్రారంభమైన విల్లా ఇటాలియా మాల్ ఆ లోటును కొంతవరకు తీర్చింది. అది 2001లో మూతపడింది. నగర పాలక సంస్థ, కంటిన్యుయమ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ కలిసి సుమారు 104 ఎకరాల ఆ స్థలంలో బెల్మార్ నిర్మాణాన్ని చేపట్టాయి. మొదటి దశ 2004లో ప్రారంభమైంది. ఒకే పెద్ద కట్టడం, దాని చుట్టూ పార్కింగ్ ఉన్న చోట వీధులతో విడదీసిన 20కి పైగా చిన్న చిన్న బ్లాకులు, కూడలి, ఇండ్లు, దుకాణాలు, కార్యాలయాలు ఏర్పడ్డాయి.

ఇతర ఉదాహరణలు

మసాచుసెట్స్ రాష్ట్రంలోని మాష్పీ కామన్స్ 1960వ దశకపు దుకాణ సముదాయం నుండి 1986 తరువాత క్రమంగా రూపొందింది. ఫ్లోరిడాలో బోకా రేటన్ మాల్ స్థానంలో 1991లో మైజ్నర్ పార్క్ ప్రారంభమైంది. వాషింగ్టన్ నగర సమీపంలోని టైసన్స్ కోసం ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ 2010లో కొత్త ప్రణాళికను ఆమోదించింది. అక్కడ 2014లో నాలుగు మెట్రో రైలు స్టేషన్లు ప్రారంభమైనాయి. తెలుగువారు గణనీయంగా నివసించే టెక్సాస్‌లోని ప్లేనో నగరంలో కాలిన్ క్రీక్ మాల్ 2019లో మూతపడగా, ఆ స్థలాన్ని ఇండ్లు, దుకాణాలు, ఉద్యానం గల పేటగా మార్చే పని చేపట్టారు.

సమస్యలు, విమర్శలు

ఇటువంటి పేటలలో నడక సులభమైనా, చుట్టూ ఉన్న వెడల్పైన రహదారులు మారకపోతే అక్కడికి చేరడానికి కారు తప్పదు. 2013లో లేక్‌వుడ్‌కు రైలు మార్గం వచ్చినా, అది బెల్మార్‌కు కొన్ని కిలోమీటర్ల ఉత్తరంగా వెళుతుంది. ఒకే యజమాని చేతిలో ఉన్న మాల్‌ను మార్చడం కంటే, వందలాది యజమానులున్న పాత కాలనీని మార్చడం చాలా కష్టం. నడవడానికి అనువైన ప్రాంతాలకు గిరాకీ పెరిగి అద్దెలు హెచ్చడం వలన అల్పాదాయ వర్గాలకు అవి అందుబాటులో ఉండవన్నది మరొక విమర్శ.

స్థానికుల వ్యతిరేకత కూడా ఒక అడ్డంకి. రద్దీ పెరుగుతుందని, పరిసరాల స్వరూపం మారిపోతుందని పాత నివాసులు ఆందోళన చెందుతారు. బెల్మార్ ఉన్న లేక్‌వుడ్‌లోనే 2019లో ఓటర్లు కొత్త ఇండ్ల సంఖ్య పెరుగుదలను ఏడాదికి 1 శాతానికి పరిమితం చేశారు. ఇటువంటి పరిమితులను నిషేధిస్తూ కొలరాడో రాష్ట్రం 2023లో చట్టం చేసింది. వ్యాపార ప్రాంతాలలో నివాసాల నిర్మాణాన్ని సులభం చేసే కాలిఫోర్నియా చట్టం కూడా అదే సంవత్సరం అమలులోకి వచ్చింది.

ఇవి కూడా చూడండి

* నగరీకరణ
* పట్టణ ప్రణాళిక
* ప్రజా రవాణా