బీదర్ రాతి గొట్టాలు సముద్రపు బొరియలేనా?

బీదర్ కోట గోడల్లోనూ, నౌబాద్ కరేజ్ అనే భూగర్భ నీటి సొరంగంలోనూ లేటరైట్ రాయిని దగ్గరగా చూస్తే, వేలు దూరేంత గొట్టాలు మెలికలు తిరుగుతూ కనిపిస్తాయి. సముద్రం అడుగున రొయ్యజాతి జీవులు తవ్వుకున్న బొరియలు శిలలయ్యాక ఇంచుమించు ఇలాగే ఉంటాయి. అయినా ఆ పోలికను పట్టుకుని ఇక్కడ సముద్రం ఉండేదనడం తొందరపాటే.

బీదర్ పీఠభూమి కింద ఉన్నది దక్కన్ లావా. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల మీద పారి గడ్డకట్టిన బసాల్ట్ అది. దాని పైభాగం యుగాల తరబడి వానలకు నాని, సిలికా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం మిగిలి లేటరైట్ అయింది. ఇనుము గట్టిపడిన చోట గోడలు నిలిచాయి. మధ్యలోని మెత్తటి బంకమన్ను జారిపోయి గొట్టాలు ఏర్పడ్డాయి. కొన్నిటిలో చెట్ల వేళ్ల పాత్ర, చెదల పాత్ర ఉండవచ్చు. సముద్రజీవుల ప్రసక్తి మాత్రం ఇక్కడ రాదు.

బొరియను తేల్చడానికి ఆకారం చాలదు, లోపల నిండినదేమిటో చూడాలి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ జురాసిక్ సున్నపురాళ్ల మీద కెనెడీ, జాకబ్‌సన్, జాన్సన్ 1969లో ప్రచురించిన వ్యాసం ఇందుకు మంచి నమూనా. థలాసినాయిడిస్ అనే బొరియలతో కలిసి ఫావ్రీనా అనే మలగుళికలు కనిపించడాన్ని వారు వివరించారు. ఫావ్రీనా గుళికను పలుచగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే, అడ్డుకోతలో ఇరువైపులా ఒకే తీరున అమరిన సన్నని రంధ్రాలు కనబడతాయి. అది విసర్జించిన జీవి జీర్ణవ్యవస్థ వేసిన ముద్ర. అంతమాత్రాన బొరియ తవ్వింది ఆ జీవేనని తేలిపోదు. గుళికలు అలలకు కొట్టుకొచ్చి కూడా చేరవచ్చు. చుట్టుపక్కల రాయిలో లేకుండా, బొరియలోనే కిక్కిరిసి ఉంటే వాదన బలపడుతుందని నా అభిప్రాయం.

తెలుగు నేలలో మలశిలలకు, అంటే శిలగా మారిన మలానికి, పేరున్న చోటు పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని మలేరి. అక్కడి ట్రయాసిక్ ఎర్రబంకమట్టి పొరల్లో మెలి తిరిగిన మలశిలలు దొరికాయి. వాటిలో ఒకదానిలోని ఆస్ట్రాకాడ్లనే చిన్న జలచరాల పెంకులను సోన్, ఛటర్జీ 1979లో వర్ణించారు. అవి మంచినీటి జీవులు. కాబట్టి మలేరి సాక్ష్యం నదులు, చెరువులదే గానీ సముద్రానిది కాదు.

సముద్రపు ఆనవాలు కావాలంటే రాజమహేంద్రవరం వైపు వెళ్లాలి. కాతేరు, పంగిడి ప్రాంతాల్లో రెండు లావా పొరల నడుమ సముద్రపు గవ్వలున్న సున్నపురాయి ఉంది. బొరియలనూ, వాటిలోని గుళికలనూ వెతకడానికి తగిన చోటు అదే. అక్కడి క్వారీల్లో గొట్టంలాంటి రాయి కంటబడితే దయచేసి ఊడబెరకకండి. ఏ పొరలో ఉందో తెలిసేలా ఫొటో తీసి, దగ్గర్లోని విశ్వవిద్యాలయ భూగర్భశాస్త్ర శాఖకు చెప్పండి.